ఏడీహెచ్‌డీ కో-ఆర్డినేటర్ ఉద్యోగం: పేషెంటు ఎక్కడ జారిపోతాడు, ఎలా పట్టుకోవాలి

సూరత్‌లో, కతర్‌గామ్‌లోనో వేద్ రోడ్డులోనో ఒక సైకియాట్రీ క్లినిక్‌లోనో పిల్లల థెరపీ సెంటర్లోనో మీరు కో-ఆర్డినేటర్‌గా చేరారంటే, ఆ ఉద్యోగం తెచ్చిపెట్టింది చాలావరకు మీ భాషలే. ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, స్నేహితులతో హిందీ, ఫారాల్లో ఇంగ్లీషు. లింబాయత్, ఉధ్నా వైపు నుంచి సాంచాల మీద పనిచేసే తెలుగు కుటుంబం వస్తుంది. పక్కనే హీరా కార్ఖానాకు వెళ్లే సౌరాష్ట్ర కుటుంబం కూర్చుంటుంది. ఇద్దరిదీ ఒకటే గోడు: పిల్లాడికి కుదురు లేదు, చదువు మీద ధ్యాస నిలవదు, బడి నుంచి రోజూ ఫిర్యాదు. ఇద్దరితోనూ వాళ్ల భాషలో మాట్లాడగలిగేది ఆ క్లినిక్‌లో మీరొక్కరే కావచ్చు.

భాషతో ఉద్యోగం వస్తుంది గానీ, భాష ఒక్కదానితో నిలబడదు. ధ్యాస, కుదురు లోపించే ఏడీహెచ్‌డీలో ఒక డాక్టరు చూసి ఒక మందు రాస్తే పని అయిపోదు. పిల్లల డాక్టరు, సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్, బడి టీచరు, మందుల షాపు, ఇల్లు. ఏడు చోట్ల పని నడవాలి. ఎవరి చోట వాళ్లు తమ పని బాగానే చేస్తారు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లే దారిలోనే పేషెంటు జారిపోతాడు. ఆ దారికి బాధ్యులు మీరు.

దీనికి ఆధారం ఉంది. అమెరికాలో 579 మంది పిల్లలతో 14 నెలలు నడిచిన ఎంటీఏ అధ్యయనం ఫలితాలు 1999లో వచ్చాయి. ఒక గుంపుకు అధ్యయనం డాక్టర్లే మందిచ్చి, నెలనెలా చూసి, టీచరు ఏమంటున్నారో తెలుసుకుంటూ డోసు సరిచేశారు. ఇంకో గుంపు ఊళ్లో మామూలుగా దొరికే వైద్యానికి వెళ్లింది. ఆ గుంపులోనూ సుమారు మూడింట రెండు వంతుల మంది మందు వాడారు. అయినా లక్షణాలు ఎక్కువగా తగ్గింది మొదటి గుంపులోనే. డోసు నిర్ణయించడం డాక్టరు పని. పేషెంటు నెలనెలా వచ్చేలా చూడటం, బడి మాట డాక్టరుకు చేర్చడం మాత్రం మీ టేబుల్ మీది పనులే.

మొదటి వారంలో ఒక నోట్‌బుక్

చేరిన వారంలోనే మీ సొంత నోట్‌బుక్ తయారు చేసుకోండి. ఎవరు, ఎక్కడ, ఏ రోజుల్లో, ఎంత ఫీజు, ఏ భాషలో మాట్లాడతారు, ఫోన్ ఎవరు ఎత్తుతారు. ప్రైవేటు పేర్లతో పాటు ప్రభుత్వ దారులూ రాసుకోండి. మజూరా గేట్ దగ్గర న్యూ సివిల్ హాస్పిటల్ ఉంది. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ నడిపే మెడికల్ కాలేజీ హాస్పిటల్ స్మీమేర్ ఉంది. ప్రైవేటు ఫీజు భరించలేని కుటుంబానికి ఈ రెండే పెద్ద దిక్కు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలను పరీక్షిస్తారు. ఆ జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. అనుమానం వస్తే డీఈఐసీ అనే జిల్లా కేంద్రానికి పంపుతారు. ప్రైవేటు బడి పిల్లలకు ఈ స్క్రీనింగ్ అందకపోవచ్చు. మీ దగ్గరికి వచ్చిన పిల్లాడు ఏ బడిలో చదువుతున్నాడన్న ప్రశ్న అందుకే మొదట అడగాలి.

ఒక జాగ్రత్త. ఫోన్ చేసి, ఆ రోజు ఓపీడీ ఉందని తేల్చుకోకుండా ఎవరినీ ఎక్కడికీ పంపకండి. సాంచాల మీద పన్నెండు గంటల పాళీ చేసే మనిషికి, వజ్రానికి ఇంత అని లెక్కగట్టి పగార్ తీసుకునే రత్నకళాకార్‌కు ఒక రోజు పోయిందంటే ఆ రోజు కూలి పోయినట్టే. మూసిన తలుపు చూసి తిరిగొచ్చిన తండ్రి రెండోసారి రాడు. తప్పు ఆ ఆస్పత్రిదే అయినా, ఆయన మనసులో పంపించినవాళ్లు మీరు.

మొదటి విజిట్ సగం పని ముందు రోజే అవ్వాలి

ఏడీహెచ్‌డీని తేల్చే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. లక్షణాలు 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి, కనీసం ఆరు నెలలు కొనసాగి ఉండాలి, ఇల్లు, బడి లాంటి రెండు చోట్లయినా కనబడాలి. డాక్టర్లు వాడే డీఎస్ఎం-5 ప్రమాణం ఇది. అంటే బడి నుంచి కాగితం లేకుండా వచ్చిన పేషెంటుకు డాక్టరు సగం చిత్రం మాత్రమే చూడగలరు. "టీచరు దగ్గర రాయించుకుని మళ్లీ రండి" అంటారు. మీరు ముందే చెప్పి ఉంటే ఆ కుటుంబానికి ఒక రోజు కూలి మిగిలేది.

అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే ఈ జాబితా చెప్పండి: టీచరు రాసిన ఒక పేజీ, రెండేళ్ల మార్కుల కార్డులు, రెండు మూడు నోటు పుస్తకాలు, కంటి, చెవి పరీక్షలు చేయించి ఉంటే ఆ రిపోర్టులు, పాత మందు చీటీలు, పిల్లాడు ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేస్తున్నాడో వారం రోజుల లెక్క. చూపు తక్కువైన పిల్లాడు, వినికిడి లోపం ఉన్న పిల్లాడు, నిద్ర చాలని పిల్లాడు కూడా పైకి ధ్యాస లేనివాడిలాగే కనిపిస్తాడు. కార్పొరేషన్ తెలుగు మీడియం బడి అయితే టీచరు తెలుగులోనే రాసిస్తారు. దాన్ని హిందీలోకో ఇంగ్లీషులోకో మార్చి ఫైల్లో పెట్టడం మీ పని.

ఇక్కడే పెద్ద తప్పు జరుగుతుంది. తల్లి తెలుగులో "వీడు మాట ఇనడు" అంటుంది. ఈ ఒక్క మాటకు మూడు అర్థాలు. చెవికి వినిపించకపోవచ్చు. వినిపించినా ధ్యాస పెట్టకపోవచ్చు. విని, అర్థమై కూడా మొండికేయవచ్చు. మూడింటికీ దారులు వేరు. మీరు తొందరలో "జిద్దీ హై" అని హిందీలో చెప్పేస్తే డాక్టరు ఆలోచన మూడో దారి పడుతుంది. అనువాదం చేసే ముందు ఆమెను ఒక ఉదాహరణ అడగండి: "నిన్న ఏం జరిగిందమ్మా, మొదటినుంచీ చెప్పండి." ఆ ఉదాహరణనే డాక్టరుకు చేర్చండి. అర్థం తేల్చే పని ఆయనది.

ఇంకొకటి. తండ్రి ఒక్కడే వస్తే ఒప్పుకోకండి అనను, కానీ ఫోన్‌లో తల్లిని సిద్ధంగా ఉంచండి. రాత్రిపాళీ చేసే తండ్రికి పిల్లాడి పగలు తెలియదు.

మందు చీటీ దగ్గర జాగ్రత్త

ఏడీహెచ్‌డీలో ఎక్కువగా వాడే మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు. దీన్ని అమ్మడానికి షాపుకు 20ఎఫ్ అనే ప్రత్యేక లైసెన్సు ఉండాలి. ప్రిస్క్రిప్షన్ రెండు కాపీలు కావాలి. ఒక కాపీని షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. గల్లీ చివర మెడికల్‌లో ఇది దొరకదు. ఈ సంగతి తెలియని కుటుంబం నాలుగు షాపులు తిరిగి, నాలుగు చోట్లా అనుమానపు చూపులు ఎదుర్కొని, "ఇదేదో మత్తుమందు" అని చీటీ చింపేస్తుంది.

ఒక సందర్భం ఊహించండి. శనివారం సాయంత్రం డాక్టరు చీటీ రాశారు, ఒకటే కాపీ. ఆదివారం లైసెన్సున్న షాపు మూత. సోమవారం వెళితే రెండో కాపీ అడిగారు. డాక్టరు బుధవారం వరకు లేరు. బుధవారం తండ్రికి పాళీ మారింది. మొదటి మాత్ర పడేసరికి పన్నెండు రోజులు. వచ్చే విజిట్‌లో "మందు పనిచేయలేదు" అంటారు. మూడు పనులతో ఈ పన్నెండు రోజులు మిగిలేవి: రెండు కాపీలు ఉన్నాయా అని గది దాటకముందే చూడటం, స్టాకున్న షాపుకు ఫోన్ చేసి పేరు రాసివ్వడం, మందు చేతికొచ్చిందా అని మూడో రోజు అడగడం.

మరికొన్ని ముందే తెలుసుకోండి. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం షెడ్యూల్ ఎక్స్ మందులను ఫోన్, వీడియో కన్సల్టేషన్లో రాయకూడదు. "వాట్సాప్‌లో చీటీ పంపించండి" అని అడిగితే మొదటిసారే స్పష్టంగా కాదని చెప్పండి. ఎటమాక్సిటిన్ అనే ఇంకో మందు షెడ్యూల్ ఎక్స్‌లో లేదు, కానీ దాని పూర్తి ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగో రోజే "తేడా లేదు" అని ఆపేసేవాళ్లు ఎక్కువగా ఈ మందు దగ్గరే కనిపిస్తారు. అలాగే ఆరేళ్లలోపు పిల్లలకు ముందు తల్లిదండ్రుల శిక్షణే మొదలుపెట్టమని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది. చిన్న పిల్లాడికి డాక్టరు మాత్ర రాయలేదంటే పట్టించుకోలేదని అర్థం కాదు. ఆ మాట బయట బెంచీ మీద చెప్పవలసింది మీరే.

ఫాలో-అప్‌ను పాళీతో కలిపి రాయండి

అమెరికాలో ఇన్సూరెన్స్ ప్లాన్ల నాణ్యతను కొలిచే హెడిస్ కొలమానాల్లో ఒకటి మనకు పనికొస్తుంది. ఏడీహెచ్‌డీ మందు మొదలైన పిల్లాడు 30 రోజుల్లో ఒకసారి, ఆ తర్వాత తొమ్మిది నెలల్లో కనీసం రెండుసార్లు ఫాలో-అప్‌కు రావాలి. దీన్ని మీ క్లినిక్‌లో కనీస గీతగా పెట్టుకోండి. మీ డాక్టరు ఇంకా దగ్గర దగ్గరగా రమ్మంటే ఆయన మాటే లెక్క. ప్రతి విజిట్‌లో బరువు, ఎత్తు, నాడి, బీపీ రాయాలి, ఆకలి, నిద్ర అడగాలి. ఈ మందులతో ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యం కావడం మామూలుగా కనబడే ఇబ్బందులు. అవి అడగనివాళ్ల దగ్గర తల్లులు చెప్పరు, మందు మాత్రం ఇంట్లోనే నిశ్శబ్దంగా ఆపేస్తారు.

తేదీ ఇచ్చే ముందు అడగాల్సిన ప్రశ్న: "ఆ వారం మీది పగటిపాళీయా, రాత్రిపాళీయా?" దీన్ని అడగకుండా ఇచ్చిన తేదీ సగం వృథా. క్యాలెండర్లో దీపావళిని ఎర్రగా గుర్తు పెట్టుకోండి. హీరా కార్ఖానాలు మూతపడి సౌరాష్ట్ర కుటుంబాలు ఊళ్లకు వెళతాయి. మనవాళ్లు కొందరు బతుకమ్మకు, కొందరు వేసవిలో సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ దారి పడతారు. వెళ్లే ముందు వారంలోనే విజిట్ పెట్టి, ఊళ్లో ఉన్నన్నాళ్లు మందు సంగతి ఏమిటో డాక్టరుతో తేల్చి రాయించండి. అక్కడి షాపు సూరత్ చీటీకి ఇవ్వకపోవచ్చు.

పనిలో కొత్తగా ఉన్నప్పుడు నేను విజిట్‌కు రానివాళ్ల మీద విసుక్కునేవాడిని. "మీ పిల్లాడి కోసం కూడా గుర్తుండదా?" అని ఒక తల్లిని అడిగాను. ఆమె మళ్లీ రాలేదు. ఏడీహెచ్‌డీ కుటుంబాల్లో నడిచే స్థితి అని తర్వాత చదివాను. పిల్లాడికి ఉంటే తల్లికో తండ్రికో ఉండే అవకాశం ఎక్కువ. తేదీలు మరచిపోవడం ఆ స్థితి లక్షణాల్లోనే ఒకటి. అప్పటినుంచి నా పద్ధతి మారింది. తేదీ కాగితం మీద పెద్ద అంకెల్లో రాసివ్వడం, ముందు రోజు ఒక ఫోన్, ఆ రోజు పొద్దున ఒక మెసేజ్. రాకపోతే అదే రోజు ఇంకో తేదీ, ఒక్క మాట కూడా దెప్పకుండా.

డబ్బు సంగతి మొదటే మాట్లాడండి

చాలామంది ఆయుష్మాన్ కార్డు చేత్తో పట్టుకుని వస్తారు. గుజరాత్‌లో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా కవర్ ఉన్నా, అది ఆస్పత్రిలో చేరిన చికిత్సకు. ఏడీహెచ్‌డీ వైద్యం దాదాపు అంతా ఓపీడీ. ప్రైవేటు ఇన్సూరెన్స్ సంగతీ అంతే. మానసిక అనారోగ్యాన్ని శారీరక జబ్బులతో సమానంగా కవర్ చేయాలని 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం చెప్పింది, కానీ పాలసీలో ఓపీడీ కవర్ లేకపోతే కన్సల్టేషన్ డబ్బు రాదు. పాలసీ కాగితం చూడకుండా "క్లెయిమ్ అవుతుంది" అనకండి.

ఈఎస్ఐ వేరే. నెల జీతం 21 వేల లోపు ఉండి, యజమాని ఈఎస్ఐ కడుతుంటే, ఓపీడీ, మందులు కూడా కుటుంబానికి అందుతాయి. ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. పగార్ స్లిప్ అడిగి చూడండి. స్లిప్పే లేని కార్మికుడికి న్యూ సివిల్, స్మీమేర్ దారి చూపించండి. ఒక పేషెంటు తగ్గుతాడని మీ క్లినిక్ యజమాని మొహం ముడుచుకోవచ్చు. రెండు విజిట్ల తర్వాత డబ్బు చాలక వైద్యమే మానేసేవాడు ఎలాగూ మీ క్లినిక్ పేషెంటు కాదు. నిజం చెప్పినచోటికి ఆ కుటుంబం ఇంకో నలుగురిని పంపుతుంది.

సర్టిఫికెట్ ఆశ చూపించకండి

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఆటిజం ఉంది, నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉంది. ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. ఏడీహెచ్‌డీతో పాటు చదవడంలో, రాయడంలో, లెక్కల్లో అభ్యసన వైకల్యం కూడా ఉందని పరీక్షల్లో తేలితే సర్టిఫికెట్ దారి తెరుచుకుంటుంది. అది లేకుండా "యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డు ఇప్పిస్తాం" అని డబ్బు తీసుకునే ఏజెంట్ల దగ్గరికి మీ పేషెంటును పోనివ్వకండి. పరీక్షల్లో అదనపు సమయం లాంటివి బోర్డును బట్టి మారతాయి. బడినే రాతపూర్వకంగా అడగమని చెప్పండి. సర్టిఫికెట్ లేకపోయినా టీచరు చేయగలిగినవి చాలా ఉన్నాయి: ముందు బెంచీ, పెద్ద పనిని చిన్న ముక్కలు చేసి ఇవ్వడం, హోంవర్క్ డైరీలో రాసివ్వడం. డాక్టరు సంతకంతో ఒక పేజీ ఉత్తరం పంపితే చాలామంది టీచర్లు సహకరిస్తారు. ఆ ఉత్తరం డ్రాఫ్ట్ మీ కంప్యూటర్లో సిద్ధంగా ఉండాలి.

పెద్దవాళ్లు వస్తే

పిల్లాడిని చూపించడానికి వచ్చి "చిన్నప్పుడు నేనూ ఇంతే" అనే తండ్రులు ఉంటారు. ఆఫీసులో పొరపాట్ల మీద పొరపాట్లు చేసి, ఉద్యోగం పోయే దశలో వచ్చే పాతికేళ్లవాళ్లు ఉంటారు. పెద్దవాళ్లలో నిర్ధారణకు చిన్ననాటి సాక్ష్యం కావాలి. ఊళ్లో ఉన్న అమ్మనో అన్ననో ఫోన్‌లో కలిపి, తెలుగులో అడిగి రాసుకోవడం మీ వల్లే అయ్యే పని. షిఫ్ట్ ఏ గంటల్లో నడుస్తుందో డాక్టరుకు తప్పక చెప్పండి. రాత్రిపాళీ మనిషికి మాత్ర వేసుకునే వేళ వేరుగా ఉండొచ్చు, ఆ నిర్ణయం డాక్టరే తీసుకుంటారు. "సేఠ్‌కు చెప్పాలా వద్దా" అని అడిగితే తొందరపెట్టకండి. ఒకసారి చెప్పింది వెనక్కి తీసుకోలేరు. జబ్బు పేరు చెప్పకుండా పని పద్ధతి మార్పు అడగడం తరచూ సరిపోతుంది. ఉదాహరణకు, ఆర్డర్లు నోటితో కాకుండా రాతలో ఇమ్మని.

గీత ఎక్కడ

మీరు డాక్టరు కాదు. "వీడికి ఏడీహెచ్‌డీలాగే ఉంది" అన్న మాట మీ నోట రాకూడదు. డోసు ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఒక్కటే: డాక్టరును అడిగి ఈరోజే చెబుతాను. ఐక్యూ పరీక్షలు, మానసిక పరీక్షలు చేసేవాళ్లకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. రిఫర్ చేసే ముందు ఆ నంబరు అడగండి. పేషెంటు వివరాలు 2017 చట్టం ప్రకారం గోప్యం. లింబాయత్‌లో మనవాళ్ల మధ్య పెళ్లి సంబంధాల దాకా మాట పాకుతుంది. బెంచీ మీద జబ్బు పేరు పైకి అనకండి, రిపోర్టు ఫొటో ఏ గ్రూపులోనూ పెట్టకండి. ఎవరైనా చావు మాట ఎత్తితే అపాయింట్‌మెంట్ పుస్తకం మూసి, ఆ నిమిషమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రాత్రిపూట ఫోన్ వస్తే 108, లేదా తెలుగులోనూ మాట్లాడే ఉచిత టెలి మానస్ 14416.

మీ ఎదుగుదల

ఈ ఉద్యోగంలో జీతం మెల్లగా పెరుగుతుంది. "బాగా కష్టపడుతున్నాను" అంటే ఏ యజమానీ పెంచడు. ప్రతి నెలా మూడు అంకెలు రాసి పెట్టుకోండి: మొదటి ఫోన్ నుంచి నిర్ధారణకు పట్టిన రోజులు, మందు మొదలైనవాళ్లలో 30 రోజుల్లో తిరిగొచ్చినవాళ్ల శాతం, అపాయింట్‌మెంట్ తీసుకుని రానివాళ్ల శాతం. ఆరు నెలల అంకెలు ఒక పేజీ మీద పెట్టి మాట్లాడండి. వీలైతే సోషల్ వర్క్‌లోనో సైకాలజీలోనో డిగ్రీకి కట్టండి. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం ఈ రంగంలోని వృత్తులకు గుర్తింపు, రిజిస్ట్రేషన్ దారి వేసింది. ముందు ముందు కాగితం లేనివాళ్లకు కష్టమవుతుంది.

రేపు పొద్దున క్లినిక్ తెరవగానే ఒక పని చేయండి. గత నెలలో మందు మొదలుపెట్టి మళ్లీ రానివాళ్ల ఫైళ్లు బయటికి తీయండి. ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. కారణం అడగండి, రాసుకోండి, ఇంకో తేదీ ఇవ్వండి. వాళ్లలో ఒక్క పిల్లాడు తిరిగొచ్చినా వాడి చదువు సంవత్సరం నిలబడుతుంది.